కూతురొస్తోంది, ఖాళీ చేయండి

వియ్యపురాలు రొట్టె ముట్టుకోలేదు.

వచ్చి అరగంటయింది. ద్రాక్షపందిరి కింద చెక్క అరుగు మీద మెత్తటి పరుపులు వేసి ఉంటే, వాటిని వదిలేసి ఒక అంచున కూర్చుంది ఖోసియత్. ఇదిగో వచ్చాను, అదిగో వెళ్తున్నాను అన్నట్టుంది ఆ కూర్చోవడం. ముకర్రమ్ రొట్టె తుంచి ముక్కలు ఆమె వైపు జరిపింది. తేనీరు కప్పులోకి వంపి, మళ్ళీ కెటిల్లో పోసి, అలా మూడుసార్లు తిరగబోసి, మళ్ళీ మళ్ళీ పోసివ్వాలన్న మర్యాద తప్పకుండా కప్పు అడుగున రెండు గుక్కలే పోసి అందించింది. ఖోసియత్ అందుకుంది, పక్కన పెట్టింది. వియ్యాలవారు వచ్చి రొట్టె నోట పెట్టకుండా కూర్చున్నారంటే ఇంటి మీదికి ఏదో వచ్చిందని తాష్కెంటులో పసిపిల్లలక్కూడా తెలుస్తుంది.

ఖోసియత్ వెనకాల నిగీనా నిలబడి ఉంది. సొంత కూతురు, సొంత వాకిట్లో, పరాయిదానిలా రుమాలు సర్దుకుంటూ. కూర్చోవే అని ముకర్రమ్ రెండుసార్లు అంది. పిల్ల అత్తగారి వీపు వైపు చూసి అక్కడే ఉండిపోయింది.

ముకర్రమ్ భర్త ఎర్గష్ ముప్పై ఏళ్ళు ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఎదురుగా కూర్చుని దానిమ్మ వలుస్తూ, ఈ ఏడు పళ్ళు పుల్లగా వచ్చాయనీ, చలి త్వరగా పట్టేలా ఉందనీ ఏవో మాటలు వేస్తున్నాడు. ఒక్క మాటా అంటుకోలేదు.

“వదినగారూ, నేను ఎక్కువసేపు కూర్చోను,” అంది ఖోసియత్. “ఒక్కటి అడిగి వెళ్తాను. మీ పిల్లకి మా ఇంట్లో ఏం తక్కువైంది?”

ఏం తక్కువైందండీ, అన్నీ ఎక్కువేగా, అని ఎర్గష్ నవ్వబోయాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. చూపంతా ముకర్రమ్ మీదే ఉంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. నిన్న వాళ్ళ పేటలో ఎవరింట్లోనో ఆడవాళ్ళ ప్రార్థన జరిగింది. ఖురాను చదివే పెద్దావిడ ఓతినాయి వచ్చింది. ఆవిడకి నాలుగు పేటలు. ఎవరు ఎవరికి వియ్యపురాలో ఆవిడకేం తెలుసు? చదవడం అయ్యాక అరచేతులు చాచి, ఒక్కొక్కరి కోసం దువా అడిగింది. ఫలానా ముసలాయన మోకాళ్ళకి, ఫలానా వాళ్ళబ్బాయి ప్రయాణానికి. ఆఖర్న, ఎర్గష్ గారి కూతురు నిగీనా కాపురం విరిగి పుట్టింటికి తిరిగొస్తోంది, ఆ బిడ్డ గుండెకి నిబ్బరం ఇవ్వు తండ్రీ అంది.

“నలభైమంది ఆమీన్ అన్నారు,” అంది ఖోసియత్. “నేనూ అన్నాను వదినగారూ. పేరు చెవిన పడేలోపే నోరు అనేసింది. అరచేతులు మొహాన తుడుచుకున్నాక తెలిసింది, నేను ఆమీన్ అన్నది నా కొడుకు కాపురం విరగడానికని.”

ఎర్గష్ చేతిలో దానిమ్మ ఆగిపోయింది.

“పైగా మీరు పిల్ల కోసం అద్దెవాళ్ళని కూడా లేపేస్తున్నారట. రేపు శనివారానికి ఇల్లు ఖాళీ అట. ఓతినాయి అంత వివరంగా చెప్పింది. పాపం, మంచి మనసుతోనే చెప్పింది.”

ఎర్గష్ తల తిప్పి భార్యని చూశాడు. అద్దెవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వెళ్తున్నారని ముకర్రమ్ ఆయనతో చెప్పి ఆరు రోజులు కూడా కాలేదు.

ముకర్రమ్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. గొంతులో మాటుంది. ఆ మాట బయటికి రావాలంటే ఇంకో మాట రావాలి, దాని వెనక ఇంకోటి రావాలి. వియ్యపురాలి ముందు, మొగుడి ముందు, పిల్ల ముందు, ముగ్గురి ముందూ ఒక్కసారే సిగ్గు విడిచి నిలబడాలి. ఆమె వల్ల కాలేదు.

“మీరేమీ అనరేం వదినగారూ?”

“మాకేం తెలుసు వదినగారూ,” అంది ముకర్రమ్. “లోకం నోటికి మూతుందా?”

ఆ మాట అంటూండగానే నిగీనా తలెత్తి తల్లిని చూసింది.

ఖోసియత్ లేచింది. అయితే సరే అంది. ఏది సరేనో చెప్పలేదు. గేటు దగ్గర నిగీనా ఆచారం ప్రకారం గుండె మీద చెయ్యి వేసుకుని తండ్రికి వంగింది. తల్లి చెయ్యి పట్టుకుని, పట్టుకోవాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టుకుంది. ముకర్రమ్ పిల్ల కళ్ళలోకి చూడలేక గేటు గొళ్ళెం వైపు చూసింది.

కారు వెళ్ళిపోయింది. అరుగు మీద రొట్టె తుంచింది తుంచినట్టే ఉంది.

*

ఎర్గష్ టోపీ పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే, ఓతినాయి దగ్గరికి అన్నాడు. ఆవిడకి ఎవరు చెప్పారో కనుక్కుంటాను, చెప్పినవాళ్ళకి ఎవరు చెప్పారో కనుక్కుంటాను, ఆ తీగ పట్టుకుని లాగితే ఎక్కడో ఒకచోట మొదలు దొరుకుతుంది అన్నాడు.

“మొదలు ఇక్కడే ఉంది,” అంది ముకర్రమ్. “కూర్చోండి.”

ఆయన నిలబడే విన్నాడు.

వినడానికి ఎంతో లేదు. పోయిన శనివారం ఆమె అద్దె ఫ్లాటుకి వెళ్ళింది. తల్లి ఇంటి వాటా అమ్మగా వచ్చిన డబ్బుతో చిలాంజార్లో నాలుగో అంతస్తులో కొన్న రెండు గదుల ఫ్లాటు. జీవితంలో ఆమె పేరు మీద ఉన్న ఒకే ఒక్క వస్తువు. అందులో వసంతకాలం నుంచీ బార్నో, ఆమె మొగుడు ఓర్తిక్ ఉంటున్నారు. ఖోరెజ్మ్ నుంచి వచ్చినవాళ్ళు. ఓర్తిక్ రొట్టెల బట్టీలో పని చేస్తాడు. గుమ్మంలోనే నిలబడి, మా అమ్మాయి అత్తారింటి నుంచి తిరిగొస్తోందమ్మా, ఇల్లు కావాలి, శనివారానికి ఖాళీ చేయండి అని చెప్పి, లోపలికి రమ్మన్నా వెళ్ళకుండా మెట్లు దిగి వచ్చేసింది.

“ఎందుకు?”

ఎందుకేమిటి, ఈ శరదృతువులో ఊరంతా చేస్తున్నదే. ఉత్తరాన యుద్ధం నుంచి తప్పించుకుని రైళ్ళకి రైళ్ళు జనం దిగుతున్నారు. నిన్నటిదాకా నాలుగొందల డాలర్లకి పలికిన ఇల్లు ఇవాళ తొమ్మిదొందలు. దళారులు పొద్దున్నే ఫోన్లు చేసి బతిమాలుతున్నారు. ఎర్గష్ అక్క రోబియాకి మూడు ఫ్లాట్లున్నాయి, మూడింట్లోనూ మనుషుల్ని మార్చేసింది. మరదల్ని కూర్చోబెట్టి ఒకటే పోరు. నువ్వొక్కదానివీ ధర్మసత్రం నడుపుతావా అంది. ఎంతకాలం ఇలా మొద్దులా ఉంటావే అంది. ముకర్రమ్ ఇరవయ్యేడేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. అన్నేళ్ళలో ఎవరూ ఆమెని తెలివైనదానివని అన్న పాపాన పోలేదు. ఆడపడుచు చేత ఒక్కసారి అనిపించుకోవాలని పడింది మనసు. నిజానికి డబ్బు కంటే అదే ఎక్కువ లాగింది. అది ఒప్పుకోవడానికి ఆమెకి ఇంకా సిగ్గేసింది, అందుకని డబ్బనే చెప్పింది.

ఎర్గష్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇల్లు కొన్న రోజు ఆయన ఆమెకి చెప్పిన మాటలు ఇప్పుడు ఇద్దరికీ గుర్తొచ్చాయి. పైపులూ వైర్లూ అద్దెకిచ్చే ముందే బాగుచేయించు, తర్వాత కాదు. ఒప్పందం రెండు కాగితాల మీద రాసి ఒకటి వాళ్ళ చేతికివ్వు. ఇల్లు నీదే, కానీ ఇచ్చాక గడప వాళ్ళది, అడక్కుండా దాటకు. పొమ్మనాల్సి వస్తే రెండు నెలల ముందు చెప్పు, ఉన్న కారణమే చెప్పు. ఈ నాలుగింటిలో ఆమె ఒక్కటీ చెయ్యలేదు. వంటింటి సింకు కింద కారుతోందని బార్నో మూడుసార్లు చెప్పింది, చివరికి ఓర్తిక్కే ఎక్కణ్ణుంచో పైపు ముక్క తెచ్చి బిగించుకున్నాడు. ఒకసారి తన తాళంతో తలుపు తీసుకుని లోపలికి వెళ్తే, కడుపుతో పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. కాగితం ఎందుకు, నోటిమాట చాలదా అని నవ్వింది ముకర్రమ్. మీ బిడ్డ నడిచేదాకా ఉండండమ్మా అని కూడా అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇప్పుడు కడిగినా పోయేలా లేదు.

“నీకు ఇంకే అబద్ధమూ దొరకలేదా?” అన్నాడు ఎర్గష్ చివరికి. కోపంగా కూడా అనలేదు.

“సొంత పిల్ల కోసమంటే ఎవరూ నోరెత్తరని రోబియా వదిన చెప్పింది.”

ఆయన అక్కకి ఫోన్ చేశాడు. మాట బయటికి వినపడేలా పెట్టి, ఇద్దరి మధ్యా అరుగు మీద ఉంచాడు. రోబియా అంతా విని, ముందు గట్టిగా నిట్టూర్చింది.

“కూతురొస్తోందని చెప్పమన్నాను గాని, పేరు చెప్పమన్నానా?” అంది. “అబద్ధంలో పేర్లు పెట్టకూడదే, మొద్దూ.”

“నేను పేరు చెప్పలేదు వదినా. నా పిల్ల పేరు ఆ అమ్మాయికి ముందే తెలుసు. వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను కదా.”

“అదే నేను మొత్తుకున్నది. అద్దెవాళ్ళింట టీ తాగకు, వాళ్ళ పిల్లల పేర్లు తెలుసుకోకు, నీ పిల్లల పేర్లు చెప్పకు అని. మాటలు కలిస్తే ఇల్లు ఖాళీ చేయించలేవు. సరే, అయిందేదో అయింది. వియ్యపురాలికి ఏదో ఒకటి చెప్పి సర్దు. దళారికి మాటిచ్చాం, వచ్చేవాడు రేపు సామానుతో దిగుతాడు, ఇప్పుడు వెనక్కి పోకు. పుట్టిన పిల్లాడున్నాడని చూస్తూ కూర్చుంటే…”

“ఎవరికి పుట్టాడు?” అన్నాడు ఎర్గష్.

రోబియా, పొయ్యి మీద పులావు మాడుతోందని పెట్టేసింది.

ముకర్రమ్ నేల చూపులు చూస్తూ చెప్పింది. బార్నోకి మగపిల్లాడు. ఇవాళ్టికి ఇరవైమూడో రోజు.

నలభై రోజుల చిల్లా వెళ్ళకుండా పసిగుడ్డుని గడప దాటించరు. ఎండ తగలనివ్వరు, దీపం ఆర్పరు, తల్లిని ఒంటరిగా వదలరు. ఎంత పగవాడైనా, ఎంత మొండిబాకీవాడైనా, చిల్లా ఉన్న ఇంటి తలుపు గట్టిగా కొట్టడు. వాళ్ళ ముగ్గురు పిల్లలకీ ఎర్గష్ తల్లి ఆ నలభై రోజులూ కంటికి రెప్పలా కాపలా కాసింది. రెండోది పందొమ్మిదో రోజున పోయింది. అప్పుడు మాత్రం, వాకిట్లోకి ఒక్క అడుగు తీసుకెళ్ళావే అని ముసలావిడ చచ్చేదాకా ముకర్రమ్‌నే అంది.

“నీకు తెలియని సంగతి కాదు,” అన్నాడాయన.

“తెలుసు.”

“తెలిసే చెప్పావు.”

“తెలిసే చెప్పాను.”

ఈ మాట అన్నాక ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఏడిస్తే ఎవరైనా ఓదారుస్తారేమో, అలాంటి ఓదార్పుకి తనకి హక్కు లేదనిపించింది.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని అడిగింది. వియ్యపురాలి దగ్గరికా, బార్నో దగ్గరికా? నిగీనా కాపురం ముఖ్యమా, బార్నో బిడ్డ ముఖ్యమా అన్నట్టే ఉంది ఆ ప్రశ్న. ఆలోచించగా ఆమెకే తోచింది. రెండూ ఒకే అబద్ధం. రేపు పొద్దున్న మూటలు మెట్లు దిగాయంటే అది నిజమైపోతుంది. అప్పుడు ఖోసియత్ కాళ్ళ మీద పడి చెప్పినా ఎవరు నమ్ముతారు?

మీరూ రండి అంది. రాను అన్నాడు.

“నీ నోటితో అన్నది నీ నోటితోనే తీసుకో,” అన్నాడు ఎర్గష్.

*

మెట్లెక్కుతూ ముకర్రమ్ చెప్పవలసిన మాటలు పేర్చుకుంది. దళారి తొందరపెట్టాడు అందామా? ఆడపడుచు చెప్పిందందామా? మూడో అంతస్తు దాటేసరికి అవన్నీ రాలిపోయాయి. సంచిలో ఫ్లాటు తాళం ఉంది. తీయలేదు. వేలి కణుపుతో మెల్లగా తలుపు తట్టి, తనెవరో చెప్పి, వీలుంటేనే వస్తాను అంది.

బార్నో తలుపు తీసింది. ఇరవయ్యారేళ్ళుంటాయేమో, ముఖం పాలిపోయి ఉంది. బిడ్డ భుజం మీద నిద్రపోతున్నాడు. రండి పిన్నీ, బయటి గాలి కాస్త దులుపుకుని రండి, అని నవ్వింది. చిల్లా ఇంటికి అదొక నియమం. ముకర్రమ్ గడప దగ్గర కొంచెంసేపు నిలబడి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

గది నిండా మూటలు. కిటికీ అద్దాలు తుడిచి ఉన్నాయి. గోడ మీద మేకు తీసిన చోట సున్నం మెత్తి ఉంది. నేలంతా సబ్బు వాసన. బాలింత ఈ పనంతా ఎప్పుడు చేసిందో.

“రేపు పొద్దున్నే వెళ్ళిపోతాం పిన్నీ, మీరు కంగారు పడి వచ్చినట్టున్నారు,” అంది బార్నో. ఓర్తిక్ పనిచేసే బట్టీ పక్కన పిండి బస్తాల కొట్టు ఉందట. యజమాని ఇస్తానన్నాడట. కిటికీ లేదు గాని బట్టీ గోడ ఆనుకుని ఉండడంతో వెచ్చగా ఉంటుందట. పిల్లాడిని దుప్పట్లో చుట్టి, మొహం కప్పి, కారులో పది నిమిషాలు. అంతే కదా అంది. అంతే కదా అన్నప్పుడు మాత్రం బిడ్డ వీపు మీద చెయ్యి గట్టిగా పడింది.

మూట విప్పి కప్పు తీసింది, రొట్టె తీసింది. వద్దంటే వినలేదు. ముకర్రమ్ ఆ రొట్టె ముక్క చేత్తో పట్టుకుని కూర్చుంది. పొద్దున వియ్యపురాలు ఎందుకు ముట్టుకోలేదో తనకిప్పుడు బాగా తెలిసొచ్చింది. ఎదుటి మనిషితో లెక్క తేలకుండా రొట్టె గొంతు దిగదు.

“చెల్లెలు ఎలా ఉంది పిన్నీ?” అంది బార్నో. “వచ్చేసిందా?”

ముకర్రమ్ చేతిలోని రొట్టె ముక్క కప్పు పక్కన పెట్టేసింది. బార్నో దాన్ని దుఃఖమనుకుంది. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, తన సంగతి చెప్పింది. ఇంతకుముందు ఎవరికీ చెప్పని సంగతి. ఓర్తిక్ తనకి రెండో మొగుడు. పందొమ్మిదేళ్ళప్పుడు మొదటి అత్తారింటి నుంచి తిరిగొచ్చింది. పుట్టింట్లో అన్నా వదినా ఉన్నారు, గదులు వాళ్ళవయ్యాయి. ఆరు నెలలు నడవలో, చెప్పులు విడిచే చోట పక్క వేసుకుంది. రాత్రి ఎవరు బయటికి వెళ్ళినా తన కాళ్ళు ముడుచుకోవాలి.

“అందుకే, మీరు చెప్పిన రోజునే ఆయనతో అన్నాను. మనం ఎక్కడైనా సర్దుకుంటాం, ఆ అమ్మాయి వచ్చేసరికి తలుపు తీసి ఉండాలి అని. ఏ తల్లి చేస్తుంది పిన్నీ ఇలా? మా అమ్మ చెయ్యలేదు. నాకు మీ మీద ఎంత గౌరవం కలిగిందో. పిల్లాడికి దీవెన చదవడానికి ఓతినాయి వస్తే, మీ అమ్మాయి పేరు చెప్పి దువా చెయ్యమన్నాను. నేను బయటికి వెళ్ళలేను కదా, నా తరఫున అడగమన్నాను. తప్పా?”

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. కానీ పాపం బార్నోది కాదు. గిట్టనివాళ్ళెవరో పుకారు పుట్టించి ఉంటే బాగుండేది, వాళ్ళని తిట్టుకునైనా బతికేది ముకర్రమ్.

“తప్పు నీది కాదమ్మా,” అంది. “నా కూతురు రావట్లేదు. దాని కాపురానికేమీ కాలేదు. రెండింతల అద్దె ఇచ్చేవాడు దొరికాడు. నిన్ను లేపడానికి అబద్ధం చెప్పాను.”

బిడ్డ నిద్రలో పెదాలు చప్పరించాడు. కింద వీధిలో పాత సామాన్లవాడు కేకేస్తూ వెళ్ళాడు. ముకర్రమ్ తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే కొంత తీరేది.

“అయితే చెల్లెలు బాగానే ఉందా?”

“బాగానే ఉంది.”

“దేవుడు చల్లగా చూశాడు,” అంది బార్నో. నిజంగానే అంది.

ఆ మాటతో ముకర్రమ్‌కి తలెత్తే శక్తి పోయింది. అప్పటిదాకా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. బార్నో ఓదార్చలేదు. కూర్చుని చూసింది. ఏడుపు తగ్గాక నెమ్మదిగా అంది.

“నాతో నిజం చెప్పినా వెళ్ళేదాన్ని పిన్నీ. ఇల్లు మీది, అద్దె మీ ఇష్టం. నేను పదిహేడు రోజులు గడువడిగేదాన్ని. అంతే. అబద్ధం చెప్పారు కనక అదీ అడగలేకపోయాను. కష్టంలో ఉన్న తల్లిని ఎలా అడుగుతాను?”

పదిహేడు రోజులు కాదు అంది ముకర్రమ్. ఏడాది అంది. ముందనుకున్న అద్దే అంది. రేపు ఎర్గష్‌ని తీసుకొస్తాను, రెండు కాగితాల మీద రాసుకుందాం, వంటింటి పైపు ఖర్చు కూడా ఇస్తాను, దళారి సంగతి నేను చూసుకుంటాను, ఆడపడుచు ఏమన్నా పడతాను. మాట మీద మాట వచ్చి పడుతోంది. బార్నో నమ్మీ నమ్మనట్టు వింది.

“ఈసారి నోటిమాట వద్దు పిన్నీ. కాగితమే రాద్దాం.”

“రాద్దాం.”

బిడ్డని ముకర్రమ్ చేతుల్లో పెట్టి బార్నో ఒక మూట విప్పింది. దీపం తీసి కిటికీ పక్కన పెట్టింది. ఉయ్యాల బట్టలు తీసింది. రెండో మూట ముడి పంటితో లాగుతూ, ఓర్తిక్ ఈ ముళ్ళు మనిషి విప్పడానికి వేశాడా అని విసుక్కుంది. వారం రోజుల్లో మొదటిసారి ముకర్రమ్‌కి ఊపిరి పూర్తిగా ఆడింది. ఇక్కణ్ణుంచి తిన్నగా ఖోసియత్ ఇంటికి వెళ్తాను, ఉన్నదున్నట్టు చెబుతాను, ఆవిడ తిడితే పడి, రొట్టె ముక్క ఆవిడ చేత తినిపించి వస్తాను అనుకుంది.

తలుపు చప్పుడైంది. బార్నో వెళ్ళి తీసింది.

గుమ్మంలో నిగీనా. చేతిలో పెద్ద సంచీ, పెళ్ళినాడు ఎర్గష్ కొనిచ్చినది. మెట్లెక్కిన ఆయాసంతో తలుపు చట్రం పట్టుకుని నిలబడింది.

“ఇంటికి వెళ్ళలేదు. నాన్న మొహం చూడలేక ఇటు వచ్చాను,” అంది తల్లిని చూసి. “రేపు ఖాళీ అవుతుందన్నారు కదా. ఈ ఒక్కరాత్రి ఒక మూల పడుకుంటాను, వీళ్ళకి అడ్డం రాను.”

“ఏమైందే? వియ్యపురాలు ఏమన్నా అందా? నేనే వస్తున్నాను తల్లీ, ఆవిడతో చెబుదామని…”

“ఆవిడతో చెప్పేదేముంది? ఆవిడకి ముందునుంచీ తెలుసు. మీకెంత తెలుసో కనుక్కుందామనే పొద్దున వచ్చింది.” నిగీనా సంచీ కింద పెట్టింది. “ఆయన మార్గిలాన్‌లో ఇంకో నికాహ్ చేసుకున్నాడమ్మా. ఏడు నెలలైంది. ఇంటి పరువని నా నోరు కట్టేశారు. నేనెవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలని ఎన్నిసార్లో ఫోన్ తీసి పెట్టేశాను. నువ్వు పొద్దున ఏమీ తెలియనట్టు కూర్చున్నావే, అప్పుడు అర్థమైంది నాకు. అంతా తెలిసి, నన్ను అడక్కుండానే నాకోసం ఇల్లు సిద్ధం చేస్తున్నావని. ఆ ధైర్యంతోనే గడప దాటాను.”

ముకర్రమ్ చేతుల్లో పరాయి బిడ్డ కళ్ళు తెరిచాడు.

“నీకెలా తెలిసిందమ్మా?” అంది నిగీనా.

ఏం చెబుతుంది? తెలియదని చెబితే, ఏడు నెలలు పిల్ల మొహం చూసి కూడా కనిపెట్టలేని తల్లి. తెలుసని చెబితే, ఇప్పుడే ఒకరికి ఒప్పుకున్న అబద్ధం ఇంకొకరి దగ్గర మళ్ళీ మొదలు.

బార్నో ఇద్దర్నీ చూసింది. నిగీనా సంచీ అందుకుని లోపల గోడవారగా పెట్టింది. రా చెల్లీ, చేతులు కడుక్కుని రా అంది. తర్వాత నేల మీద కూర్చుని, విప్పిన మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.